రెండో కుర్చీలో అరనిమిషం

జక్రయ్య ఆట మధ్యలో చచ్చిపోయాడు.

చీమకుర్తి బస్టాండు ఎదురుగా, మేడ మీద ఇంటర్నెట్ సెంటర్. కింద గ్రానైట్ లారీ పోయినప్పుడల్లా పైన కుర్చీలు వణుకుతాయి. మూల కంప్యూటర్ ముందు జక్రయ్య చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, మౌస్ మీద చెయ్యి వేసి, తల కాస్త వాల్చి కూర్చున్నాడు. పక్కన సగం తాగిన నిమ్మసోడా. తెర మీద "మీ వంతు" అని ఎర్రక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. వాటి కింద అంకెలు తగ్గి తగ్గి సున్నాకి వచ్చాయి. జక్రయ్య కదల్లేదు. ఓనరు వచ్చి "టైమైపోయింది సార్" అని భుజం తడితే, పాపం, కీబోర్డు మీదికి ఒరిగిపోయాడు.

మిట్టమధ్యాహ్నం, గది నిండా జనం ఉండగా జరిగిన హత్య. చూసినవాడు ఒక్కడూ లేడు. ఎవరి ఆటలో వాళ్ళున్నారు మరి.

రెండువేల ఎనిమిదిలో ఆ ఆట పిచ్చి అలాంటిది. పేరు ‘అరనిమిషం’. కంప్యూటర్లో ఒక బల్ల, దాని చుట్టూ నాలుగు కుర్చీలు. మొదటి కుర్చీవాడు ఒక చిన్న వీడియో ముక్క వేస్తాడు. రెండోవాడు దాన్ని కత్తిరించి ముందో వెనకో ఇంకో ముక్క అతికిస్తాడు. మూడోవాడు చప్పుడు కలుపుతాడు, బ్యాండుమేళమో, గేదె అరుపో, ఏది తోస్తే అది. నాలుగోవాడు పేరు పెట్టి లోకం మీదికి వదులుతాడు. ఒక్కొక్కరికీ అరనిమిషమే. నీ పక్క కుర్చీలో ఉన్నవాడు మార్టూరులో ఉన్నాడో, మలేషియాలో ఉన్నాడో నీకు తెలియదు. వదిలిన బొమ్మని మరో నలుగురు అందుకుంటారు, మళ్ళీ కోస్తారు, మళ్ళీ వదులుతారు. పెద్దమనిషి ఒకాయన కళ్యాణమండపంలో జారిపడితే సాయంత్రానికి ఆయన చంద్రమండలం మీద కూడా జారిపడ్డాడంటే చూసుకోండి.

జక్రయ్య మాత్రం సరదాకి ఆడలేదు. అతను గూఢచారి శాఖ మనిషి.

* * *

గుంటూరు బ్రాడీపేటలో ఎంసెట్ కోచింగ్ సెంటర్ ఒకటి ఉండేది. కింద నిజంగానే పాఠాలు. రెండో అంతస్తులో, ‘ఫిజిక్స్ ల్యాబ్, లోపలికి రారాదు’ అన్న బోర్డు వెనక శాఖ ఆఫీసు. దాని చీఫ్ లక్ష్మీనరసింహం గారు. ఫాలభాగాన విభూతి, జేబులో చాక్‌పీసులు. పేరుకి ప్రిన్సిపాలు కాబట్టి అప్పుడప్పుడూ కిందకి వెళ్ళి పిల్లల్ని కేకలేసి వచ్చేవారు, అనుమానం రాకుండా.

ఏజెంట్ సిద్దికా వచ్చేసరికి ఆయన ప్రొజెక్టర్ వెలిగించి ఉన్నారు.

"‘స్కార్లెట్’ అని ఒక విదేశీ ముఠా," అన్నారు. "మన మిరపకాయని ప్రపంచ మార్కెట్‌లోంచి తరిమెయ్యాలి. అదీ వాళ్ళ కాంట్రాక్ట్. ఫోన్లు లేవు, మెయిళ్ళు లేవు. ఆదేశాలన్నీ ఆ ఆటలో పంపుకుంటున్నారు. ముక్కలుగా చూస్తే నవ్వులాట, నాలుగూ కలిపితే ఆర్డరు. రౌండ్ అయిపోగానే బల్ల చెరిగిపోతుంది. జక్రయ్య నాలుగో కుర్చీలోకి దూరాడు, పసిగట్టి సోడాలో విషం కలిపారు."

"టార్గెట్?"

"ఊరి చివర కోల్డ్ స్టోరేజి. రేపు విదేశీ కొనుగోలుదారులు వస్తున్నారు. వాళ్ళ ముందే టిక్కీల్లోంచి శాంపిల్ తీస్తారు."

టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. ఆ కోల్డ్ స్టోరేజిలో అలాంటివి పైకప్పు దాకా ఉన్నాయి. పల్నాడు నుంచి పర్చూరు దాకా ఎన్ని ఊళ్ళ కష్టమో.

"ఆ శాంపిల్లో నిషేధించిన ఎర్రరంగు కలుపుతారు," అన్నారు లక్ష్మీనరసింహం గారు. "కలిపేవాడి కోడ్‌నేమ్ ‘కత్తెర’. శాంపిల్ తీసే ముగ్గురిలో ఒకడు. ఎవడో తెలియదు. ముగ్గురినీ ఆపామా, ‘తనిఖీకి అడ్డుపడుతున్నారు, అందులో ఏదో ఉంది’ అని కొనుగోలుదారులు వెనక్కి తిరిగి విమానం ఎక్కేస్తారు. ఎటు చూసినా మునిగేది మనమే."

"ఒకడినే పట్టుకోవాలన్నమాట."

"దొరక్కపోతే ఢిల్లీ వేరే ప్లాన్ వేసింది." ఆయన చాక్‌పీసుని అటూ ఇటూ తిప్పారు. "శాంపిల్ తీసేలోపే స్టోరేజి సీల్ చేసి తగలబెట్టేస్తారు. షార్ట్ సర్క్యూట్ అని పేపర్లో వేస్తారు. సరుకు కాలితే సానుభూతి వస్తుంది, రంగు దొరికితే పరువు పోతుంది అంటున్నారు."

సిద్దికా కుర్చీలోంచి లేచింది. "లోపల మా నాన్న సరుకు ఉంది సార్."

"తెలుసు. అందుకే నిన్ను తప్పిద్దామనుకుంటున్నా."

"అందుకే నేను వెళ్తున్నా. మొహిద్దీన్ బాషా రెండెకరాలు కౌలుకి చేసి, మా అమ్మ అమీర్‌బీ వేళ్ళు మంటలెత్తి నిద్రపోకుండా తొడిమలు తీస్తే పోగైన సరుకది. ముఠావాడు ముట్టుకోకూడదు, ఢిల్లీవాడూ ముట్టుకోకూడదు. ఒక్క టిక్కీకి నిప్పంటిందా, రాజీనామా ఇచ్చి ఊరుకోను సార్. మిర్చి యార్డు గేటు ముందు నిలబడి మైకులో అన్నీ చెప్తాను."

లక్ష్మీనరసింహం గారు నిట్టూర్చారు. బీరువా తెరిచి మిషన్ సామాను బల్ల మీద పెట్టారు. కెమెరా ఉన్న చేతి గాజు. తొడిమలు తీసే కూలీ వేషానికి పాత చీర. ఒక స్టీలు టిఫిన్ క్యారేజీ.

"పై గిన్నెలో ఉప్మా, కింద రెండూ కలిపి లాప్‌టాప్. గాజు తీసే బొమ్మ దానంతటదే ఇందులోకి దిగుతుంది."

"ఉప్మా ఎందుకు సార్?"

"ఎవరైనా మూత తీస్తారేమోనని. మా ఆవిడ బాలసరస్వతి చేసింది. ఒక్క ముద్ద తిన్నవాడు రెండో గిన్నె జోలికి రాడు."

* * *

మార్టూరు దగ్గర హైవే పక్కన రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్లు వరసగా ఉంటాయి. ఆ రోద ముందు మైకు పెట్టి అరిచినా పక్కవాడికి వినపడదు. రహస్యాలు మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచిచోటు ఆ జిల్లాలో లేదు.

టీ కొట్టు ముందు ఎర్ర కారు ఆగింది. దిగిన మనిషిని చూసి టీ కాచేవాడు పాలు పొంగించుకున్నాడు. నల్ల కళ్ళద్దాలు, జారుతున్న షిఫాన్ చీర, ఆ రాతిదుమ్ములోనూ మెరిసే చెప్పులు. ఆమె రచన. పగలు ఆట కంపెనీ ప్రతినిధి, మిగతా వేళల్లో డబుల్ ఏజెంట్. ముఠాకి బల్లలు వేసి పెట్టేదీ ఆమే, ఆ సంగతి శాఖకి మోసేదీ ఆమే.

"ఈ ఏడు తాలు ఎక్కువటగా?" అంది రచన. తాలంటే రంగు తేలిపోయిన కాయ. అదే కోడ్.

"ఎండలు బాగా కాశాయి. తాలు లేదు," అంది సిద్దికా.

ఇద్దరూ కారెక్కి అద్దాలు మూశారు.

"అక్కా, ముందు ఒక మాట," అంది రచన, పెదాలకి రంగు దిద్దుకుంటూ. "రేపు నువ్వు తొడిమలు తీసే కూలీ వేషంలో వస్తావని వాళ్ళకి చెప్పేశాను."

"ఎందుకు చెప్పావ్?"

"అడిగారు. చెప్పానన్న సంగతి నీకూ చెప్పేశానుగా. నాకు పక్షపాతం లేదు."

"నీ మొహం మండ! అసలు నువ్వు ఎవరి వైపే?"

"పొద్దున లేచాక చూసుకుంటా. ఇప్పుడైతే జక్రయ్య కుర్చీ ఖాళీగా ఉంది. నాలుగో మనిషి లేకపోతే వాళ్ళ బొమ్మ కదలదు. కొత్త మనిషివని చెప్పి నిన్ను కూర్చోబెడుతున్నా. రౌండ్ మొదలవుతోంది, తొందరగా ఆ క్యారేజీ తియ్యి... ఛీ, ఏంటీ వాసన?"

"బాలసరస్వతి గారి ఉప్మా."

తెర మీద నాలుగు కుర్చీలు వెలిగాయి. మొదటి దాంట్లో ముఠా చీఫ్, ఏ దేశం నుంచో. రెండో దాంట్లో కత్తెర. మూడోది రచన. నాలుగోది సిద్దికా. ముందువాడు ఏం చేస్తున్నాడో తరవాతి కుర్చీలకి కనపడుతుంది.

చీఫ్ ముక్క పడింది. యార్డు హమాలీ ఒకడు టిక్కీ వీపుకెత్తుకుంటాడు. వెనక ఎవడో ‘హాఛ్’ అని తుమ్ముతాడు. హమాలీ నడిచిపోతాడు. తరవాత శాంపిల్ తీసే ఇనపగొట్టం. పిడి తిప్పితే గ్లాసులో నీళ్ళు ఎర్రబడతాయి. చివర మొదటి కుర్చీ బొమ్మ ఒకటి.

"బయలుదేరు, పిడి తిప్పు, నీళ్ళు ఎర్రబడ్డ వీడియోని వెంటనే మొదటి కుర్చీలో వెయ్యి," అని చదివింది రచన. "రంగు గొట్టం పిడిలోనే ఉంది. ఆ వీడియో ఆటలో పడితే పూట తిరక్కముందే ప్రపంచమంతా కోసుకుంటారు. ల్యాబు రిపోర్టు దాకా ఎవడాగుతాడు?"

సిద్దికా రెండో కుర్చీ వైపే చూస్తోంది. కత్తెర పని మొదలుపెట్టాడు. ఉన్నదే అరనిమిషం. అందులో సగం అతను ఆ తుమ్ముని కొయ్యడానికే ఖర్చుపెట్టాడు. ఒకసారి కోశాడు, కాస్త మిగిలింది, మళ్ళీ వెనక్కి వచ్చి దాన్ని కూడా చెక్కేశాడు. ఇక ఇప్పుడు హమాలీ నిశ్శబ్దంగా, శుభంగా బయలుదేరాడు.

"తుమ్ముని ఎందుకు కోశాడు?" అంది సిద్దికా.

"బయలుదేరేటప్పుడు తుమ్మితే అపశకునం కదా. కొంచెం కూర్చుని, నీళ్ళు తాగి వెళ్ళాలి. మా అమ్మమ్మ అయితే పెళ్ళి బస్సుని కూడా ఆపేసింది."

"మీ అమ్మమ్మ మిర్చి యార్డులో పనిచేసిందా?"

"లేదు."

"అదీ సంగతి."

సిద్దికా నవ్వింది. మిర్చి యార్డులో తుమ్మనివాడు ఉండడు. కాయ ఒలిచినా తుమ్మే, గోనె దులిపినా తుమ్మే, గాలి తిరిగితే వేలంపాట పాడే దళారీ ధర మధ్యలో తుమ్ముతాడు. తుమ్ముకొకసారి ఆగితే ఆ యార్డులో ఒక్క టిక్కీ లేవదు. ఆమె చిన్నప్పుడు అమీర్‌బీ పక్కన తొడిమల కుప్పలో ఆడుకుంటూ పెరిగింది. తుమ్మితే ఆగాలన్న సంగతి హైస్కూలుకి వెళ్ళేదాకా తెలియదు. శాంపిల్ తీసే ముగ్గురూ ఏళ్ళ తరబడి యార్డులో గుమాస్తాలుగా చేశామనే కాగితాలు పెట్టారు. ముగ్గురిలో ఎవడో ఒకడికి మన ఆచారాలన్నీ ఎక్కడో గదిలో కూర్చోబెట్టి నేర్పారు. నేర్పినవాళ్ళు బాగానే నేర్పారు. కానీ యార్డులోకి తీసుకొచ్చి ఒక్క పూటైనా నిలబెట్టలేదు.

"రేపు నేను వేషం వెయ్యను," అంది. "మొహిద్దీన్ బాషా కూతుర్ని. మా సరుకు చూసుకోవడానికి వస్తా."

* * *

మర్నాడు కోల్డ్ స్టోరేజి గేటు ముందు ఒక వ్యాను ఆగి ఉంది. లోపల సీలు వేసే అధికారులు, పెట్రోలు డబ్బాలు. సిద్దికా వాటి పక్కనుంచే, చేతిలో టిఫిన్ క్యారేజీతో, తల ఎత్తుకుని లోపలికి నడిచింది.

హాల్లో విదేశీ కొనుగోలుదారులు, ఒక పొడుగు మనిషి, ఒక తెల్లజుట్టు ఆవిడ. వాళ్ళ పక్కన ఇంటర్‌ప్రెటర్‌గా ఎవరనుకున్నారు? రచనే. గోడవార రైతులు నిలబడ్డారు. వాళ్ళ మధ్య తెల్ల టోపీ పెట్టుకుని మొహిద్దీన్ బాషా.

"అమ్మాయ్! హైదరాబాదులో టైపు పని ఎగ్గొట్టి వచ్చావా?"

"సెలవు పెట్టా నాన్నా. ఒక పని చేసి పెట్టు. నేను చెయ్యి నొక్కినప్పుడల్లా తుమ్మాలి."

"తుమ్మడమేంటి? పిచ్చా?"

"ఇదిగో కాయ. విరిచి వాసన చూస్తే చాలు. నీ తుమ్ముకి పక్కూరి కుక్కలు మొరుగుతాయని అమ్మ అంటుందిగా."

"మీ అమ్మకి నా మీద అన్నీ అలాంటివే కనపడతాయి," అని గొణుక్కుంటూనే బాషా కాయ అందుకున్నాడు. ఎందుకని అడగలేదు. కూతురి మొహం చూస్తే అడగాలనిపించలేదు.

సిద్దికా ఫోను మోగింది. లక్ష్మీనరసింహం గారు. "ఢిల్లీ నుంచి ఒత్తిడి. వ్యాను లోపలికి పంపమంటున్నారు. బయటికి వచ్చెయ్, ఆర్డర్!"

"సార్, మీ గొంతు సరిగా వినపడటం లేదు."

"బాగానే వినపడుతోంది!"

"అవును సార్, బాగానే వినపడుతోంది," అని ఆమె ఫోను ఆపేసింది.

మొదటి గుమాస్తా గొట్టం పట్టుకుని టిక్కీ మీదికి వంగాడు. సిద్దికా చెయ్యి నొక్కింది. బాషా తుమ్మాడు, గోడలు అదిరేలా. విదేశీ ఆవిడ ఉలిక్కిపడింది. గుమాస్తా మాత్రం విననేలేదు. గొట్టం దించాడు, కాయలు తీశాడు, పళ్ళెంలో పోశాడు.

రెండోవాడు ముందుకొచ్చాడు. బాషా మళ్ళీ తుమ్మాడు. "ఏం బాబాయ్, పొద్దున్నే మొదలెట్టావ్? కాస్త అటు తిరగరాదూ," అంటూనే రెండోవాడూ గొట్టం గుచ్చేశాడు.

మూడోవాడి పేరు సాయికౌశిక్. చక్కటి తెలుగు, చక్కటి నవ్వు. గొట్టం పైకెత్తాడు. బాషా తుమ్మాడు.

సాయికౌశిక్ ఆగిపోయాడు.

గొట్టం దించేశాడు. రెండడుగులు వెనక్కి వేసి స్టూలు మీద కూర్చున్నాడు. "గుక్కెడు మంచినీళ్ళు ఇప్పించండి," అన్నాడు మర్యాదగా.

గోడవార రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇదేం చోద్యంరా, తుమ్ముకి కూర్చున్నాడు!" అన్నాడు ఒకడు. "యార్డులో తుమ్ముకి కూర్చునేవాడు సాయంత్రానికి లేస్తాడా?" అన్నాడు ఇంకొకడు. అందరూ ఘొల్లున నవ్వారు.

సిద్దికా గ్లాసునిండా నీళ్ళు తెచ్చింది. ఇవ్వలేదు. ఎడంచేత్తో అతని గొట్టం లాక్కుంది.

"కత్తెర గారూ, ఈ నీళ్ళు మీకు కాదు. దీనికి."

మెరుపులా లేచాడు. "చూడండి! అధికారుల పనికి అడ్డుపడుతున్నారు!" అని విదేశీయుల వైపు ఇంగ్లీషులో అరిచాడు. పొడుగు మనిషి మొహం ముడిచి బ్రీఫ్‌కేసు అందుకున్నాడు.

"ఒక్క క్షణం, మేడమ్," అంది సిద్దికా తెల్లజుట్టు ఆవిడతో. "ఈ గొట్టం ఇంకా ఏ టిక్కీనీ ముట్టలేదు. మీరే చూశారు." గొట్టం గ్లాసులో ముంచి పిడి తిప్పింది. నీళ్ళు పెళ్ళికూతురి పారాణిలా ఎర్రబడ్డాయి. ఆమె చేతి గాజులోని కెమెరా అంతా మింగేసింది.

కత్తెర నవ్వాడు. ఈసారి చక్కటి నవ్వు కాదు. అతని బొటనవేలు జేబులో ఫోను నొక్కేసింది.

"ఆలస్యమైంది. నిన్ననే ఇక్కడ ఒక టిక్కీ ముందు గ్లాసు పెట్టి వీడియో తీసుకున్నాను. ఎర్ర నీళ్ళు, వెనక మీ టిక్కీ, మీ కోల్డ్ స్టోరేజి పేరు. మొదటి కుర్చీలో పడింది. ఇక ఈ ఇద్దరు నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత?"

రైతులు అతని మీద పడ్డారు. కానీ బొమ్మ మీద పడటం వాళ్ళ వల్ల కాదు. రచన చేతిలో ఉన్న లాప్‌టాప్ తెర మీద బల్ల వెలిగింది. మొదటి కుర్చీ నిండింది. రెండోది ఖాళీ. అంకెలు తగ్గుతున్నాయి.

"తీసెయ్!" అన్నాడు బాషా, ఏం జరుగుతోందో తెలియకపోయినా.

"వేసిన ముక్కని తియ్యడం ఎవరి వల్లా కాదు," అంది రచన.

"తియ్యొద్దు," అంది సిద్దికా. ఉప్మా గిన్నె పక్కకి విసిరింది, కింది గిన్నె తెరిచింది. "నాకు రెండో కుర్చీ ఇవ్వు."

"ఇస్తే నేను ఎవరి వైపో తేలిపోతుందక్కా."

"తేలితే తేలనీ!"

రచన నల్ల కళ్ళద్దాలు తీసింది. "జక్రయ్య భలే ఆడేవాడు. వంతు మధ్యలో మనిషిని లేపెయ్యడం ఆట కాదు," అని మీట నొక్కింది.

సిద్దికా కుర్చీలో పడింది. కత్తెర బొమ్మలో ఒక్క చుక్క కొయ్యలేదు. దాని ముందు తన ముక్క అతికించింది. బాషా తుమ్ము, ఖాళీ గొట్టం, మంచినీళ్ళు, పిడి తిప్పడం, పక్కన సాయికౌశిక్ మొహం. ఇప్పుడు చూసేవాడికి మొదట దొంగతనం కనపడుతుంది, ఆ తరవాతే దొంగసొత్తు. వేలు జారింది, ముక్క వెనక్కి అతుక్కుంది. పీకి మళ్ళీ ముందుకు లాగింది. గేటు దగ్గర వ్యాను స్టార్టయిన చప్పుడు. అంకె ఒకటికి వచ్చింది. సున్నా పడేలోపు మీట టక్కుమంది.

మూడో కుర్చీలో ఎవరో, ఏ ఊళ్ళోనో, బ్యాండుమేళం కలిపారు. నాలుగోవాడు ‘మామగారి గొట్టం’ అని పేరు పెట్టి వదిలేశాడు. ఇక చూడండి! మార్టూరు అందుకుంది, చిలకలూరిపేట అందుకుంది, ఒంగోలు అందుకుంది. ఒకడు కత్తెర మొహానికి మీసాలు పెట్టాడు. ఒకడు అతని చేత ఆ నీళ్ళు తాగించాడు. ఒకడు తుమ్ముని పదిసార్లు తిప్పాడు. ఎవడో పోర్చుగీసువాడు మన బాషా తుమ్ముని ఓపెరాలో పెట్టాడు. ముఠా ఏ ఆటని నమ్ముకుందో, ఆ ఆటే ముఠాని ఊరూరా ఊరేగించింది.

తెల్లజుట్టు ఆవిడ రచన తెర మీద అదంతా చూసింది, పళ్ళెంలో ఉన్న కాయలు చూసింది, ఒకటి విరిచింది. వెంటనే తుమ్మింది. తుమ్మి, ఆగకుండా వెళ్ళి ఒప్పందం మీద సంతకం పెట్టింది.

పెట్రోలు వ్యాను వచ్చిన దారినే పోయింది.

* * *

సాయంత్రం సిద్దికా ఫోను తిరిగి వెలిగించగానే లక్ష్మీనరసింహం గారు అందుకున్నారు. "రహస్య శాఖ! రహస్యం అన్న మాటకి అర్థం తెలుసా నీకు? నీ చెయ్యి బ్రెజిల్‌లో కూడా కనపడుతోందట! ఢిల్లీవాళ్ళు ఆ బొమ్మని వెంటనే ఆపించమంటున్నారు."

"నా అరనిమిషం అయిపోయింది సార్. ఇప్పుడు వాళ్ళ వంతు. ఆపమనండి."

ఆయన గొంతు తగ్గించి అడిగారు, "ఆ ఓపెరా వెర్షన్ చూశావా? మా ఆవిడ ఇప్పటికి నాలుగుసార్లు పెట్టించుకుంది."

బాషా కూడా ఆ రాత్రి భోజనాల ముందే కూతురి లాప్‌టాప్‌లో బొమ్మ చూశాడు. పక్కన అమీర్‌బీ. కూతురి ఉద్యోగం టైపు పని కాదని ఇద్దరికీ అర్థమైంది, కానీ ఇద్దరూ అడగలేదు. బాషా కళ్ళజోడు సర్దుకుని, తెర దగ్గరికి వంగి, తన టిక్కీలు కనపడ్డచోట మళ్ళీ మళ్ళీ ఆపి చూశాడు. మొహం అంత సంతోషంగా లేదు.

"అంతా బాగుంది గానీ అమ్మాయ్," అన్నాడు చివరికి, "ఇందులో మన కాయ పాలిపోయినట్టుంది. కాస్త ఎరుపు కలపలేకపోయావా?"